బాదంపూల అంచు తువ్వాలు

అక్టోబర్ 13, సోమవారం

డాక్టరు నా ఎడమ బొటనవేలికి పట్టీ వేశాడు. మణికట్టు దాకా ప్లాస్టిక్ పట్టీ. వేలి మొదట్లో కీలు అరిగిపోయిందట. "సూది, దారం, అల్లిక ముల్లు, ఏదీ ముట్టుకోవద్దమ్మా" అన్నాడు. ఎన్నాళ్లు అని అడిగితే, "ముందు మీరు ముట్టుకోకుండా ఉండండి, తర్వాత చూద్దాం" అన్నాడు. అంటే ఇక ఎప్పటికీ అని. డాక్టర్లకు పెళ్లి సంబంధాలు తప్పించుకునేవాళ్ల భాష బాగా వచ్చు.

సూది పని ఎడమ చేత్తో చేస్తాను, రాయడం కుడి చేత్తో. నన్ను కుడిచేతి వాటం మనిషిని చెయ్యాలని బళ్లో టీచరూ ఇంట్లో అమ్మా కలిసి పట్టుబట్టారు. టీచరు గెలిచింది, అమ్మ ఓడిపోయింది. అందుకని ఇప్పుడు నాకు రాయడం ఒక్కటే మిగిలింది. మా అబ్బాయి ఓక్తాయ్ కాలేజీలో సగం వాడి వదిలేసిన నోటు పుస్తకం ఇది. చేతులు ఖాళీగా ఉంటే ఊరుకోవడం లేదు, కాఫీ గిన్నె ఇప్పటికే రెండుసార్లు తోమాను.

అక్టోబర్ 19, ఆదివారం

పక్క ఊరు తిరే నుంచి వియ్యాలవారి సారె వచ్చింది. వచ్చే నెలాఖరున ఓక్తాయ్, తులిన్ ఉంగరాలు మార్చుకుంటారు. పిల్ల తల్లి నూర్‌హయాత్ పట్టుగుడ్డలో మూటగట్టి పంపింది. మా ఆయన రిజాకి చొక్కా, ఓక్తాయ్‌కి పైజమా, నాకు తలగుడ్డ, ఊలు మేజోళ్లు, ఒళ్లు రుద్దుకునే అల్లిక పీచులు. పీచుల్ని లెక్కపెట్టలేదు, ఈ ఊళ్లో ఎవరికీ అవి తక్కువ లేవు.

అన్నిటికంటే అడుగున ఒక నార తువ్వాలు. అంచుకి పట్టుదారంతో సూదిలేసు. బాదం పూలు.

నేను చేసిన తువ్వాలు.

పోల్చుకోవడానికి కళ్లజోడు కూడా అక్కర్లేదు. మా ఊరు ఓదెమిష్‌లో సూదిలేసు అల్లని ఆడది లేదు, కానీ ఎడమ చేత్తో అల్లేది నేనొక్కదాన్నే. అందరి పూలూ కుడికి ఒరుగుతాయి, నావి ఎడమకి ఒరుగుతాయి. ఇది గుల్సెరెన్ పెళ్లిపెట్టెకని చేశాను. నా ఒక్కగానొక్క చెల్లెలు, నాకంటే చాలా చిన్నది. అమ్మకి చూపు తగ్గితే ఆ పెట్టె మొత్తం నేనే నింపాను. ఈ పూలకి ఒక చలికాలం పట్టింది. అది తిరేలో గుల్సెరెన్ ఇంట్లో, ఆక్రోటు చెక్క పెట్టెలో ఉండాలి. నా ఒళ్లోకి ఎలా వచ్చింది?

రిజా అడిగాడు, "ఏంటి, తువ్వాల్లో తేలు ఉందా?" అని. బాగుంది అన్నాను.

అక్టోబర్ 20

బాధేం లేదు. ఊరికే తెలుసుకోవాలని.

అక్టోబర్ 21, మంగళవారం

చేత్తో చేసింది తీసుకున్నవాళ్లకి నిజంగా ఎలా ఉంటుంది? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు, ఆశ్చర్యంగా ఉంది. ఇచ్చేటప్పుడు "నవ్వుతూ వాడుకో" అంటాం. తీసుకునేవాళ్లు "నీ చేతులు చల్లగా ఉండాలి" అంటారు. రెండు మాటలతో పని అయిపోతుంది, ఇంటికి వెళ్లిపోతాం. తర్వాత ఆ వస్తువుకి ఏమవుతుందో ఎవరు చూశారు?

ముందు రిజాతో మొదలుపెట్టాను. ఇన్నేళ్లుగా శుక్రవారం శుక్రవారం మసీదుకి వేసుకెళ్తున్న బూడిదరంగు ఊలు చొక్కా నేను అల్లిందే.

"రిజా, నిజం చెప్పు. ఆ చొక్కా నీకు ఇష్టమా?"

పేపరు దించాడు. "నిజం కావాలా, రాత్రికి భోజనం కావాలా?"

"రెండూ పెడతాను చెప్పు."

"గుచ్చుకుంటుంది."

"ఎక్కడ?"

"మెడ దగ్గర. చంకల దగ్గర. నమాజుకి వంగితే వీపు మీద. దేవుడు కనిపెట్టి ఉంటాడు, నా ప్రార్థనలు ఎప్పుడూ తొందరగా అయిపోతాయి."

"మరి ఇన్నేళ్లు ఎందుకు వేసుకున్నావు?"

"నువ్వు గుమ్మంలో నిలబడి చూస్తావుగా." మళ్లీ పేపరు ఎత్తాడు. "చలి మాత్రం బాగా ఆపుతుంది."

ఈ జవాబుని ఎటు వేసుకోవాలో తెలియడం లేదు. ఇష్టం కాదట, కానీ నా కోసమట. తువ్వాలు సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

అక్టోబర్ 23, గురువారం

ఈ వారం వీధి ఆడవాళ్ల టీ సమావేశం ఎదురింటి మూఅజ్జెజ్ ఇంట్లో. పాలకూర పెట్టి పొరలుగా కాల్చిన బోరెక్‌లో ఉప్పు తక్కువ. అందరూ నా పట్టీ చూసి అయ్యో అన్నారు. నేను మాటల్లో మాటగా అడిగాను, "నేను మీకందరికీ ఎన్నో చేసి ఇచ్చాను కదా. అవన్నీ ఏం చేశారు?"

మూఅజ్జెజ్ గబగబా అందరి గ్లాసుల్లో టీ పోసింది.

"నా పెట్టెలో భద్రంగా ఉంది పెరిహానక్కా" అంది మూఅజ్జెజ్. ఆమె కోడలు కూడా అదే మాట. పక్కవీధి ఆమె అయితే గుండె మీద చెయ్యి వేసుకుని, "కళ్లకద్దుకుని దాచుకున్నాను" అంది. అందరి పెట్టెల్లోనూ భద్రంగానే ఉన్నాయి. అందరి కళ్లూ తివాచీ మీదే ఉన్నాయి.

"వాడలేదా ఎవరూ?" అన్నాను.

"వాడటమా! అంత మంచివి ఎవరైనా వాడతారా?" అని నామీదే కోప్పడింది మూఅజ్జెజ్.

అక్టోబర్ 25, శనివారం

ఇవాళ సంతలో నవ్వాపుకోలేకపోయాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వీధి వీధంతా నా తలగుడ్డలు కట్టుకుని వచ్చింది. మూఅజ్జెజ్ నెత్తిన గులాబీల అంచు, కోడలి నెత్తిన మిరపకాయల అంచు. బంగాళాదుంపల బస్తాల దగ్గర నిలబడితే కలరా ఉండల వాసన. అందరివీ పెట్టె మడతలు ఇంకా విచ్చుకోలేదు. "చూశావా అక్కా, వాడుతున్నాను!" అంది మూఅజ్జెజ్. పక్కవీధి ఆమె మాత్రం రాలేదు. ఆమెది ఎవరి నెత్తిన ఉందో.

నవ్వుతూనే ఇంటికొచ్చాను. తర్వాత నవ్వు రాలేదు. వాళ్లు నాకు భయపడ్డారు. నేను ఇచ్చినవి చూస్తే వాళ్లకి గుర్తొచ్చేది పూలు కాదు, నేను అడుగుతానేమోనన్న భయం.

సరే, వీధివాళ్లు వేరు. గుల్సెరెన్ వేరు.

అక్టోబర్ 26, ఆదివారం

తిరే నుంచి నూర్‌హయాత్ వచ్చింది, హాలు సంగతీ కేకు సంగతీ మాట్లాడటానికి. కొత్త వియ్యపురాలిని "ఇది మీకెక్కడిది?" అని అడగలేం కదా, సారె నచ్చలేదన్న మాట అవుతుంది. అందుకని తువ్వాలు తెచ్చి ఒళ్లో పరుచుకుని మెచ్చుకున్నాను.

"వదినగారూ, ఈ బాదంపూలు ఎవరి చేతి పని?"

నూర్‌హయాత్ టీ ఒక గుక్క తాగింది. చక్కెర కలిపింది. మళ్లీ కలిపింది.

"నాదే వదినగారూ" అంది. "తులిన్ పుట్టిన ఏడు అల్లాను. కళ్లలో వెలుగంతా పోశాననుకోండి."

ఆమె జోరందుకుంది. "ఈ రేకులు చూశారా, ఇవి తిప్పడమే కష్టం. దారానికి కాస్త చక్కెరనీళ్లు పట్టించాలి, అప్పుడే నిలబడతాయి. మీకు కావాలంటే ఒకరోజు కూర్చుని నేర్పిస్తాను, చెయ్యి బాగయ్యాక."

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. వంటింటి తలుపు దగ్గర రిజా దగ్గు ఆపుకుంటున్నాడు. ఎడమకి ఒరిగిన రేకులు అతనికీ తెలుసు, ఎన్నేళ్లు చూశాడు.

"మీ చేతులు చల్లగా ఉండాలి వదినగారూ" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. ఆ మాట నిజంగా తనకే చెందినట్టు సిగ్గుపడింది కూడా. నాకు కోపం రావాలి కదా, రాలేదు. నా పనిని తనది అని చెప్పుకోవాలని ఒకరికి అనిపించింది. మొహమాటానికి మెచ్చుకోవడం కంటే అదే నయమనిపించింది.

అక్టోబర్ 27

గుల్సెరెన్‌కి నచ్చలేదా? ఇది ఒక్కటే నచ్చలేదా, అన్నీనా?

అక్టోబర్ 30, గురువారం

తులిన్ ఒక్కతే వచ్చింది, నా వేలికి రాసుకోమని మందు తీసుకుని. పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది, నోట్లో వేళ్లు పెట్టి మాట్లాడించే అలవాటు. ఆమెని కూర్చోబెట్టి, "నీ కోసం అరడజను దిండు గలీబులు మొదలుపెట్టాను, సగంలో ఆగాయి. నిజంగా చెప్పమ్మా, నీకు కావాలా అవి?" అన్నాను.

ఎర్రబడింది. "చాలా బాగుంటాయి అత్తయ్యా."

"అది నేనడగలేదు."

"నిజం చెప్తే ఏమీ అనుకోకూడదు. అలాంటివి చూస్తే నాకు చెమటలు పడతాయి. వాటి మీద తల పెట్టి ఎలా పడుకోవాలి? జుట్టుకి నూనె ఉంటుంది. ఓక్తాయ్ మంచం మీద టీ తాగుతాడు. మా ఇంట్లో అతిథిని పెట్టుకున్నట్టు ఉంటుంది, వెళ్లమనలేం, కూర్చోబెట్టలేం."

నాకు తులిన్ నచ్చింది. ఓక్తాయ్ మంచం మీద టీ తాగడం నచ్చలేదు. ధైర్యం చేసి తువ్వాలు సంగతి ఎత్తాను, మీ అమ్మ పని ఎంత బాగుందో అని. తులిన్ పకపకా నవ్వింది.

"అమ్మా? అమ్మకి బొత్తాం కుట్టడం రాదు అత్తయ్యా! అది మా వీధిలో సబహాత్ నర్సమ్మ ఇచ్చింది." అప్పుడు నోరు మూసుకుంది. "అమ్మతో అనకండేం."

సబహాత్ ఎవరో నాకు తెలుసు. గుల్సెరెన్ వాళ్ల పక్కవీధిలో ఉంటుంది. గుల్సెరెన్‌కి కొడుకు పుట్టినప్పుడు పురుడు పోసింది ఆమే.

అక్టోబర్ 31

ఓక్తాయ్ ఫోన్ చేశాడు. నిశ్చితార్థంలో రెండు ఉంగరాల్నీ కలిపి కట్టే రిబ్బను గుల్సెరెన్ పిన్నే కత్తిరించాలట, తనకి చిన్నప్పుడే మాటిచ్చాడట. చూద్దాం అన్నాను. రిజా తమ్ముడు కూడా పెద్దవాడే కదా, అతను కత్తిరిస్తే మాత్రం ఏం.

కోపంతో అనలేదు. మర్యాద ప్రకారం ఆలోచించి అన్నాను.

నవంబర్ 4, మంగళవారం

దారం కొనాలని తిరే సంతకి వెళ్లాను. అల్లడం మానేసినదానికి దారం ఎందుకని రిజా అడగలేదు. మంచి మనిషి.

మినీబస్సు దిగి నేరుగా సబహాత్ ఇంటికి వెళ్లాను. ఎనభై దాటిన మనిషి, పొయ్యి పక్కన కుర్చీ, మోకాళ్ల మీద పిల్లి. నన్ను కూర్చోమనకముందే చేతిలో, ఇంటికొచ్చినవాళ్లకి పోసే నిమ్మ అత్తరు పోసింది.

"గుల్సెరెన్ అక్కవి కదూ. ముక్కు చెప్తోంది" అంది.

తువ్వాలు చూపించాను. చేత్తో తడిమింది. "ఇది నేను నూర్‌హయాత్‌కి ఇచ్చాను. నా కంటి ఆపరేషన్ అప్పుడు పాపం రోజూ సూప్ తెచ్చింది. గిన్నె వట్టిగా తిరిగి ఇవ్వకూడదు కదా, ఇది చుట్టి ఇచ్చాను. నీ దగ్గరికెలా వచ్చింది?"

"సారెలో."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. పిల్లి దిగి వెళ్లిపోయింది. "వియ్యపురాలికి వియ్యపురాలి పనే సారె పెట్టిందా! మా నూర్‌హయాత్‌కి చెయ్యి పెద్దది, తల చిన్నది."

"మీకు గుల్సెరెన్ ఇచ్చిందా?"

"ఇది ఒక్కటేనా! ఆ సొరుగు లాగు." లాగాను. బల్లగుడ్డలు, తలగుడ్డలు, దిండు గలీబులు. అన్నీ ఎడమకి ఒరిగినవే. నా పదిహేడో ఏడు, నా ఇరవయ్యో ఏడు, నేను పెళ్లయి వెళ్లాక పుట్టింటికి వచ్చినప్పుడల్లా చేసినవి. ఎవరి ఇంట్లోనో నా వయసంతా ఒక సొరుగులో కనిపించింది.

"పురుటికి ఒకటి" అంది సబహాత్. "పిల్లాడి జ్వరానికి ఒకటి. ఇంజెక్షన్‌కి ఒకటి. వద్దే తల్లీ, ఇంజెక్షన్‌కి ఎవరన్నా పట్టులేసు ఇస్తారా అంటే వినేది కాదు. చేతిలో కుక్కి పరుగెత్తేది."

"ఏడుస్తూ ఇచ్చేదా?" అని అడిగాను. ఏడుస్తూ ఇచ్చిందని అంటే బాగుండుననుకున్నాను. ఇంట్లో ఇంకేం లేక ఇచ్చిందని.

సబహాత్ నన్ను తేరిపార చూసింది. అబద్ధం చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది.

"లేదమ్మా. తీసుకున్న నాకంటే ఇచ్చిన ఆమె మొహమే వెలిగేది. నేను చాలామందిని చూశాను, బరువు దిగినవాళ్ల మొహం నాకు తెలుసు. అలా ఉండేది."

గుల్సెరెన్ ఇల్లు అక్కడికి రెండు మలుపులు. వెళ్లలేదు. తర్వాతి బస్సుకే తిరిగొచ్చేశాను. దారం కొనడం మర్చిపోయాను.

నవంబర్ 5

గుల్సెరెన్ ఫోన్. స్నానం చేస్తున్నానని చెప్పమన్నాను రిజాకి.

నవంబర్ 6

మళ్లీ ఫోన్. మళ్లీ స్నానం.

నవంబర్ 8, శనివారం

ఒక విషయం ఆలోచిస్తున్నాను. ఎవరికైనా చేత్తో చేసి ఇస్తే వాళ్లు ముందు చూసేది వస్తువుని కాదు, మన మొహాన్ని. ఎంత సంతోషపడాలో మన మొహం చూసి లెక్క కట్టుకుంటారు. గుల్సెరెన్ నా మొహం చూసేదా? గుర్తు చేసుకుందామంటే గుర్తు రావడం లేదు. పుట్టింట్లో కూర్చుని అన్నేళ్లు అల్లాను, ఆ పిల్ల మొహం ఎలా ఉండేదో నాకు గుర్తు రావడం లేదు. దారం రంగులు గుర్తున్నాయి.

రిబ్బను రిజా తమ్ముడే కత్తిరిస్తాడు. నిర్ణయించేశాను.

నవంబర్ 12, బుధవారం

పొద్దున్న తలుపు బద్దలయ్యేలా కొట్టారు. గుల్సెరెన్. ఒక చేతిలో గుమ్మడికాయ తీపి ఉన్న గిన్నె, ఒక చేతిలో సంచి, వెనక మెట్ల మీద తొంగిచూస్తున్న మూఅజ్జెజ్.

"స్నానం అయిందా అక్కా? వారం నుంచీ చేస్తున్నావట!"

రిజా గబగబా బూట్లు తొడుక్కుని టీ దుకాణానికి వెళ్లిపోయాడు. నేను తువ్వాలు తెచ్చి బల్ల మీద పరిచాను. గుల్సెరెన్ చూసింది. చెయ్యి పెట్టి అంచు తడిమింది. సిగ్గుపడుతుందనుకున్నాను. నవ్వింది!

"అమ్మో, ఇది తిరిగొచ్చిందా! దీనికి కాళ్లున్నాయే."

"సబహాత్ సొరుగు చూశాను" అన్నాను.

"సబహాత్ ఒక్కదానిదే చూశావా? పోస్ట్‌మన్ పెళ్లానికి ఇచ్చాను. మా ఆయన హమ్దీ పైఆఫీసరు వాళ్ల అమ్మకి ఇచ్చాను. పిల్లాడి టీచర్లకి ఇచ్చాను, పాస్ చేయించిన వాళ్లకీ, ఫెయిల్ చేసిన వాళ్లకీ. పెట్టె ఖాళీ అక్కా."

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు. పెట్టెలో బంగాళాదుంపలు పోస్తున్నాను. ఆక్రోటు చెక్క కదా, మొలకలు రావు."

వారం నుంచి లోపల తిప్పుకుంటున్న మాటలన్నీ వెళ్లిపోయి ఒక్కటే మిగిలింది, చిన్నపిల్లలా అడిగాను. "నచ్చలేదా గుల్సెరెన్?"

అప్పుడు తను నవ్వడం ఆపేసింది. టీ పోసింది, నాకూ తనకూ, నా ఇంట్లో తనే.

"నచ్చకపోవడమేంటి. నీ అంత బాగా ఈ జిల్లాలో ఎవరు అల్లుతారు. అక్కా, నువ్వు ఒక్కోటి పూర్తి చేసినప్పుడల్లా అమ్మ ఏం చేసేదో గుర్తుందా? అమ్మలక్కలందర్నీ పిలిచి పెట్టె మూత ఎత్తేది. 'ఇంకో జానెడు ఖాళీ ఉంది' అనేది. తర్వాత 'ఇంకో బెత్తెడు' అనేది. వాళ్లందరూ పెట్టె వంక చూసి, నా వంక చూసేవాళ్లు. నేను ఆ పెట్టెలో నీళ్లు పెరుగుతున్నట్టు చూసేదాన్ని."

"నాకు తెలీదు."

"అమ్మా నాన్నా చేలోకి వెళ్లాక పెట్టె తెరిచి రెండు చేతులతో నొక్కేదాన్ని. మోకాళ్లు కూడా వేసేదాన్ని. గుడ్డలు కదా, అణుగుతాయి. అణిగితే ఇంకొంచెం చోటు వస్తుంది. నువ్వేమో వచ్చి, 'అరే, ఇంకా చోటుందే, ఇంకో నాలుగు చేస్తాను' అనేదానివి. సంతోషంగా!"

నాకు ఇది మాత్రం గుర్తుంది. నిజంగానే సంతోషంగా అనేదాన్ని.

"ఈ బాదంపూలు వచ్చాక మూత పడలేదు" అంది. "నాన్న దాని మీద కూర్చుని గొళ్లెం పెట్టాడు. 'పెట్టె నిండింది, ఇక పిల్లని ఎందుకు కూర్చోబెట్టుకోవడం' అన్నాడు. పంతొమ్మిదేళ్లు నాకు. హమ్దీ మంచివాడే, అది వేరే సంగతి. ఏదో చదువుదామనీ కాదు, ఎవర్నో ప్రేమించీ కాదు. ఇంకొన్నాళ్లు ఏమీ కాకుండా, ఊరికే ఉందామనుకున్నాను. అంతే."

"నాకు చెప్పొచ్చు కదా!"

"నువ్వు తల ఎత్తితేగా! 'అక్కా' అంటే 'ఉండు, ఈ రేకు అవనీ' అనేదానివి. రేకులు ఎప్పుడయ్యాయి?"

నాకు కోపం వచ్చింది. ఇంత వయసొచ్చి చెల్లెలి మీద అరిచాను. "నా కళ్లు పోయాయి, ఈ వేలు పోయింది, ఎవరి కోసం చేశాను అదంతా?"

"అదే కదా అక్కా నేనూ అడుగుతున్నది" అంది నెమ్మదిగా.

టీ ఆవిరికో, దేనికో, గుల్సెరెన్ కళ్లద్దాలు మసకబారాయి. తీసింది. సంచిలోంచి చిన్న గుడ్డ పీలిక తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. అరచేతిలో సగం కూడా లేదు, అంట్లగుడ్డ రంగు. ఒక మూల ఏదో పువ్వు, మూడు రేకులు, ఒకటి పెద్దది, రెండు చిన్నవి, దారం ముడి పైకి తేలి ఉంది. ఎంత కోపంలో ఉన్నా చెడ్డ పని కనిపిస్తే నా కళ్లు ఊరుకోవు.

"ఏంటా గుడ్డ? ఎవరల్లారు ఆ దరిద్రపు పువ్వు?"

"నువ్వే."

"నేనా! చాల్లే. చూడు, కుడికి ఒరిగింది. నా పని ఎక్కడైనా కుడికి ఒరుగుతుందా?"

"అప్పుడు అమ్మ నీ ఎడమ చేతిని నడుముకి కట్టేసేది, కుడి చేత్తో నేర్చుకోమని. నువ్వు ఏడుస్తూ కుట్టేదానివి. నేను అడిగాను, నా బొమ్మకి తలగుడ్డ కావాలని. కొయ్య చెంచాతో చేసుకున్న బొమ్మ నాకు ఉండేదిగా, పొయ్యిలో పడి కాలిపోయింది."

"నాకు గుర్తు లేదు."

"నీకెందుకుంటుంది. కుట్టి నా చేతిలో పెట్టి, 'బాగోలేదు, అయినా నీదే' అన్నావు."

ఎంత వెతికినా నాకు గుర్తు రాలేదు. బొమ్మా లేదు, ఏడుపూ లేదు, ఆ మాటా లేదు. తిరేలో ఆ సొరుగులో ఉన్న ప్రతి దానికీ ఏ నెలలో మొదలుపెట్టానో, దారం ఎవరి దుకాణంలో కొన్నానో చెప్పగలను. దీన్ని ఎప్పుడు చేశానో తెలియదు.

"అన్నీ ఇచ్చేసి ఈ పీలిక దాచావా?" అన్నాను.

"దాచలేదు. వాడుతున్నాను" అంది. అద్దాలు పెట్టుకుని నా వంక చూసింది. "అక్కా, ఇది నాకిచ్చావు. పెట్టెలోవన్నీ పెళ్లికూతురికి ఇచ్చావు. ఆ పెళ్లికూతురెవరో నాకు తెలీదు."

నేను ఏడ్చాను. రాయకుండా వదిలేద్దామనుకున్నాను కానీ చదివేది నేనే కదా. బాగా ఏడ్చాను. గుల్సెరెన్ నన్ను ఓదార్చలేదు, గుమ్మడికాయ తీపి ముక్క కోసి నా ముందుకి జరిపింది. తిన్నాను. రిబ్బను నువ్వే కత్తిరించాలి అని చెప్పాను. కత్తిరిస్తాను గానీ నాకు సారె పెట్టకు అంది.

బస్సుకి టైమవుతోందని లేచింది. ఆ పీలిక ఇంకా బల్ల మీదే ఉంది. చూస్తే పువ్వు దగ్గర అంచు విడిపోతోంది, ఇంకో నెల వాడితే రేకు ఊడిపోతుంది. డాక్టరు వద్దన్న సంగతి కూడా మర్చిపోయి చెయ్యి చాపాను.

"ఇలా ఇవ్వు, అంచు ఊడుతోంది. విప్పేసి సరిగ్గా అల్లి ఇస్తాను, రెండు నిమిషాల పని."

"ముట్టుకోకు!"

వీధిలోకి వినపడేంత గట్టిగా అరిచింది. లాక్కున్న ఊపుకి టీ గ్లాసు పడిపోయింది. అంత చిన్న గుడ్డని మడత మీద మడత పెట్టి సంచిలో అడుక్కి తోసి, జిప్పు వేసి, సంచిని చంకలో ఇరికించుకుంది. ఆరేళ్ల పిల్లలా.

"ఇది నాది" అంది. "నువ్వు బాగు చెయ్యక్కర్లేదు."

బస్సు ఎక్కించి వచ్చాను. రిజా తిరిగొచ్చేసరికి బల్ల మీద ఒలికిన టీ తుడుస్తున్నాను, చేతికి దొరికిన బాదంపూల తువ్వాలుతో.

"ఏం జరిగింది, ఒక్కదానివే నవ్వుతున్నావు?" అన్నాడు.

"మా చెల్లి నా మీద కేకలేసింది" అన్నాను.